శుక్రాచార్యుడి పక్షాన

2020 మార్చి 28న పీఎం కేర్స్ నిధిని ప్రకటించారు. లాక్‌డౌన్ మొదలై అప్పటికి నాలుగు రోజులు. నిధికి ఇచ్చిన యూపీఐ ఐడీ 'పీఎంకేర్స్ ఎట్ ఎస్‌బీఐ'. చూస్తుండగానే 'పీఎంకేర్ ఎట్ ఎస్‌బీఐ' అని దానికో కవల పుట్టింది. తేడా ఒక్క 'ఎస్'. విషయం ఢిల్లీ పోలీసుల దాకా వెళ్ళాక బ్యాంకు ఆ కవలని ఆపేసింది. అసలు ఐడీ ఏదో ప్రభుత్వం మళ్ళీ చెప్పుకోవాల్సి వచ్చింది. మా వృత్తిలో ఇది పాత విద్యే. పేరున్న వెబ్‌సైట్ స్పెల్లింగులో ఒక అక్షరం అటూ ఇటూ చేసి కొనిపెట్టుకుని, తప్పు టైపు చేసేవాళ్ళ కోసం కాచుక్కూచుంటారు. ఇక్కడ కాచుక్కూచున్నది మాత్రం జాలిపడ్డవాళ్ళ కోసం.

ఆ కవల ఐడీకి ఎవరైనా వెయ్యి రూపాయలు పంపి ఉంటే, వాళ్ళు దానం చేసినట్టా, చెయ్యనట్టా?

ఇంట్లో పెద్దవాళ్ళని అడిగితే తడుముకోకుండా చెప్తారు: ఇచ్చినవాడి పుణ్యం ఇచ్చినవాడిది, తిన్నవాడి పాపం తిన్నవాడిది. వినడానికి హాయిగా ఉంటుంది. కానీ ఈ లెక్కలో ఇద్దరే ఉన్నారు. ఎవరి పేరు చెప్పి డబ్బు అడిగారో ఆ మూడో మనిషి ఎక్కడా లేదు.

ఆలోచిస్తే మన కథల్లో మహాదాతలు అనిపించుకున్నవాళ్ళలో చాలామంది మోసపోయినవాళ్ళే. బలి దగ్గరకి వచ్చింది వటువు వేషంలో ఉన్న విష్ణువు. కర్ణుడి దగ్గరకి వచ్చింది బ్రాహ్మణ వేషంలో ఉన్న ఇంద్రుడు. శిబి చేత ఒంటి మాంసం కోయించిన డేగా, పావురమూ కూడా వేషాలే. ఇప్పటి భాషలో చెప్పాలంటే ముగ్గురి దగ్గరా అడిగినవాడి ఐడెంటిటీ ఫేకు. పైగా ఇద్దరికి ముందే హెచ్చరిక అందింది. కర్ణుడికి సూర్యుడు చెప్పాడు, బలికి శుక్రాచార్యుడు చెప్పాడు. చెప్పినా వినలేదు కాబట్టే వాళ్ళు గొప్పవాళ్ళు. శుక్రాచార్యుడు మాటతో ఊరుకోక పురుగై కమండలం కొమ్ములో దూరి నీళ్ళని ఆపబోయి కన్ను పోగొట్టుకున్నాడని చిన్నప్పట్నుంచీ వింటున్నాం. మన ఊహలో మొట్టమొదటి ఫ్రాడ్ అలర్టు ఇచ్చినవాడికి దక్కిన బహుమానం ఒంటికన్ను. కథ వినే పిల్లలెవరూ ఆయన వైపు ఉండరు.

నేను ఆయన వైపే ఉండాలనుకుంటున్నాను. బలి ఇచ్చింది తనది, పోయిందీ తనదే. కర్ణుడు కవచం కోసిచ్చాడు, కురుక్షేత్రంలో ప్రాణం పోయింది ఆయనకే. తనది తను పోగొట్టుకోవడానికి సిద్ధపడ్డవాడిని ఔదార్యవంతుడు అనొచ్చు. వరద బాధితుల కోసం అని పక్కన పెట్టిన వెయ్యి రూపాయలు అలాంటివి కావు. ఇవ్వాలని నిర్ణయించుకున్నప్పుడే ఆ డబ్బుకి ఒక చిరునామా వచ్చేసింది. అక్కడి నుంచి నేను దాతని ఎంతో, కొరియర్ బాయ్‌ని కూడా అంతే. పార్సిల్ దారిలో ఎవడో ఎత్తుకుపోతే నష్టపోయేది ఎక్కడో నడుంలోతు నీళ్ళలో నిలబడ్డ మనిషి. తనకి రావలసిందొకటి పోయిందని కూడా ఆ మనిషికి తెలియదు. నాకు పోయింది వెయ్యి రూపాయలూ, కాస్త పరువూ. కాబట్టి 'మోసపోతే పోయాను, మనసు మంచిదే కదా' అని నేను అనుకోవడం వేరేవాళ్ళ సొమ్ముతో ఔదార్యం చూపించడమే.

దానం దేశం, కాలం, పాత్రం చూసి చెయ్యాలని గీత పదిహేడో అధ్యాయం చెప్తుంది. మనవాళ్ళు ఈ మూడింట్లో పాత్రని పట్టుకుని వేలాడారు. అపాత్రదానం అన్న మాట ఎంత వాడుకలో ఉందో చూడండి. ఆ మాట వెనక ఎప్పుడూ పుచ్చుకునేవాడి మీద అనుమానమే: తాగేస్తాడేమో, సోమరిపోతేమో. ఇవాళ ఆ అనుమానాన్ని పుచ్చుకునేవాడి మీద నుంచి తీసి మధ్యవాడి మీద పెట్టాలి. వరదలో ఇల్లు మునిగినవాడి పాత్రత గురించి నాకు ఏ సందేహమూ లేదు. నాకూ వాడికీ మధ్య ఉన్న క్యూఆర్ కోడ్ పాత్రత తెలియాలి.

పీటర్ సింగర్ వ్యాసం ఒకటి ఈ చర్చల్లో తప్పకుండా వస్తుంది. తూర్పు పాకిస్తాన్ శరణార్థుల గురించి 1971 చివర్లో రాశాడు, 1972లో అచ్చయింది. దారిన పోతుంటే చెరువులో పిల్లాడు మునిగిపోతున్నాడు, నీ బట్టలు పాడైతే అవనీ, దిగి తీయవా? మరి దూరదేశంలో చచ్చిపోతున్న పిల్లాడి విషయంలో తేడా ఏంటి? ఇదీ ప్రశ్న. రాయదుర్గంలో కూర్చుని ఇది చదివితే ఆ చెరువు దుర్గం చెరువులాగే కనిపిస్తుంది. కేబుల్ బ్రిడ్జి మీద సెల్ఫీలు తీసుకుంటున్నప్పుడు కింద ఎవరో మునుగుతుంటే దూకాలి, అందులో వాదనేమీ లేదు. దూరం నైతికంగా లెక్కలోకి రాదన్న సింగర్ మాటా ఒప్పుకుంటాను. కానీ దూరం ఖాళీగా ఉండదు. చెరువులో పిల్లాడికీ నాకూ మధ్య నీళ్ళే ఉన్నాయి. విజయవాడ సింగ్ నగర్‌లో పిల్లాడికీ నాకూ మధ్య ఒక వాట్సాప్ గ్రూపు, ఒక ఫార్వర్డు, ఒక యాప్, ఒక బ్యాంకు ఖాతా, ఒక వాలంటీరు, ఒక పడవ ఉన్నాయి. ఇందులో ఏ ఒక్కటి అబద్ధమైనా నేను దూకింది వేరే చెరువులోకి.

సింగ్ నగర్ పేరు ఊరికే తీయలేదు. 2024 ఆగస్టు 31, సెప్టెంబర్ 1 శనాదివారాల్లో బుడమేరు విజయవాడని ముంచింది. మున్నేరు ఖమ్మాన్ని ముంచింది. కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్ట కొట్టుకుపోయింది. నందిగామ దగ్గర జాతీయ రహదారి మీదకి నీళ్ళొచ్చాయి. అంటే హైదరాబాదులో ఉన్న కొడుకులకీ కూతుళ్ళకీ అటు వెళ్ళే దారి లేదు. చేతిలో ఉన్నది ఫోనొక్కటే. సోమవారం పొద్దున మా అపార్ట్‌మెంట్ గ్రూపులో నాలుగు క్యూఆర్ కోడ్‌లు వచ్చాయి. ఒకదాన్ని స్కాన్ చేస్తే ఏదో మొబైల్ షాపు పేరు వచ్చింది. అది మోసమే కానక్కర్లేదు. ఆ షాపాయన నిజంగానే పులిహోర ప్యాకెట్లు కట్టిస్తూ ఉండొచ్చు. ఫార్వర్డ్ చేసినావిడని అడిగితే వాళ్ళ వదిన గ్రూపులో వచ్చిందన్నారు. వదినకి ఎక్కడ్నుంచి వచ్చిందో ఆవిడకి తెలియదు.

మా టీములో ఒకతనిది అటువైపే. అమ్మానాన్నా మొదటి అంతస్తులో ఇరుక్కుపోయారు. ఎక్కడికి పంపితే మంచిదని అతన్నే అడిగాను. "ఫుడ్డు మెయిన్ రోడ్డు దాకా బాగానే వస్తోందంట అన్నా. లోపల సందుల్లోకి పడవ వస్తే వచ్చినట్టు, లేకపోతే లేదు. ఇప్పుడు నువ్వు డబ్బు పంపినా అక్కడ కొనడానికి షాపుల్లేవు. నీళ్ళు తీశాక అడుగు" అన్నాడు.

'నీళ్ళు తీశాక అడుగు' అన్న మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆలస్యం అమృతం విషం అంటారు కదా. విపత్తు వచ్చినప్పుడు మనందర్నీ తరిమేది ఆ సామెతే. ఇప్పుడే పంపకపోతే అర్థం లేదు, టీవీలో దృశ్యం కదులుతుండగానే పంపాలి. మోసగాడికి కావలసిందీ సరిగ్గా అదే. వాడి వ్యాపారం మొదటి మూడు నాలుగు రోజులది. దృశ్యాలు పాతబడితే వాడి క్యూఆర్ కోడ్‌కీ గిరాకీ ఉండదు. బాధితుడి అవసరం అలా పాతబడదు. సింగ్ నగర్‌లో చాలాచోట్ల వారం దాటినా నీళ్ళు పోలేదు. పోయాక ఇళ్ళల్లో బురద కడగడానికి ఫైరింజన్లు తెప్పించారు. ఆ తర్వాత మొదలైంది అసలు ఖర్చు: పరుపులు, ఫ్రిజ్‌లు, బండి ఇంజన్లు, కుట్టుమిషన్లు, పిల్లల పుస్తకాలు. కింద అంతస్తు మునిగిన ఇంటికి 25 వేలు, పై అంతస్తులవాళ్ళకి 10 వేలు అని ప్రభుత్వం ప్రకటించేసరికే సెప్టెంబర్ మూడో వారం వచ్చింది. అప్పటికి మా గ్రూపులో వినాయక నిమజ్జనం ఫొటోలు నడుస్తున్నాయి. ఇరవయ్యో రోజున పంపే వెయ్యి రూపాయలు ఆలస్యమైన వెయ్యి కాదు. ఆ రోజు అడిగేవాళ్ళూ తక్కువ, ఇచ్చేవాళ్ళూ తక్కువ, దొంగలు ఇంకా తక్కువ.

అయితే మొదటి రోజు ఏమీ ఇవ్వకూడదని కాదు. మొదటి రోజు ఇచ్చేది ముందు నుంచీ తెలిసినవాళ్ళకి ఇవ్వాలి. ముఖ్యమంత్రి సహాయ నిధి అయితే దాని అధికారిక సైటు చిరునామా మనమే టైపు చేసుకుని వెళ్ళాలి, గ్రూపులో వచ్చిన లింకు నొక్కి కాదు. పిన్ నొక్కేముందు తెర మీద వచ్చే పేరు చదవాలి. 2025 జూన్ నెలాఖరు నుంచి యూపీఐ యాప్‌లు బ్యాంకులో నమోదైన పేరునే చూపించాలని ఎన్‌పీసీఐ నియమం పెట్టింది. అంతకుముందు ఫోన్‌లో మనం సేవ్ చేసుకున్న పేరో, వాడు పెట్టుకున్న ముద్దుపేరో కనిపించి మభ్యపెట్టేది. మోసం జరిగిందని తెలిస్తే 1930కి వెంటనే ఫోన్ చెయ్యాలి. డబ్బు చేతులు మారకముందే ఆపగలిగే వ్యవధి చాలా తక్కువ. ఇవన్నీ ఈ వ్యాసం చదివేవాళ్ళకి తెలిసినవే. తెలిసీ చెయ్యకపోవడానికి కారణాలు సాంకేతికమైనవి కావు, అందుకే ఇంతసేపు శుక్రాచార్యుడి గురించి మాట్లాడాను.

ఒక కారణం ముఖాన్ని నమ్మడం. 1977 నవంబర్ 19న ఉప్పెన దివిసీమని తుడిచిపెట్టింది. పదివేల ప్రాణాలకి పైగా పోయాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్ లాంటి నటులు వీధుల్లోకి వచ్చి జోలె పట్టారు. జనం ఎవరికిస్తున్నారో వాళ్ళకి తెలుసు. ఆ మనిషి కళ్ళెదురుగా ఉన్నాడు, రేపు లెక్క తేడా వస్తే దాక్కోలేని ముఖం అది. ఆ నమ్మకం మన దగ్గర ఇంకా అలాగే ఉంది, ముఖం మాత్రం ఫార్వర్డులోకి వెళ్ళిపోయింది. 2025 ఏప్రిల్ 22న పహల్గాంలో 26 మందిని చంపేశారు. వాళ్ళలో తెలుగువాళ్ళూ ఉన్నారు. ఆ వారం ఒక పాత సందేశం మళ్ళీ బయల్దేరింది: సైన్యం కోసం కేంద్రం ఒక బ్యాంకు ఖాతా తెరిచింది, రోజుకో రూపాయి వెయ్యండి, ఈ ఆలోచన ఇచ్చింది అక్షయ్ కుమార్. అది అంతకుముందు ఎన్నో ఏళ్ళుగా తిరుగుతున్న సందేశమే. రక్షణ శాఖ ఖండన ఇచ్చింది. విచిత్రమేమిటంటే, యుద్ధంలో దెబ్బతిన్న సైనికుల కుటుంబాల కోసం నిధి ఒకటి నిజంగానే ఉంది. సందేశంలో ఇచ్చిన ఖాతా వివరాలు తప్పు, ఆయుధాలు కొనడానికన్న మాట తప్పు. పంపిన డబ్బు జమ కాక వెనక్కొచ్చేస్తోందని ఆ శాఖే చెప్పింది. అంటే ఇక్కడ ఏ దొంగా బాగుపడలేదు. నిజమైన దుఃఖం, నిజమైన నిధి, నిజమైన దేశభక్తి అన్నీ ఉండి, ఎవరూ సరిచూడకపోవడం వల్ల మాత్రమే డబ్బు చేరలేదు.

రెండో కారణం మొహమాటం. ఈ మాటకి సరైన ఇంగ్లీషు నాకింకా దొరకలేదు. ఆఫీసులో ఎవరో చందాలు పోగు చేస్తుంటారు. 'ఏ ఊళ్ళో, ఎవరికి, బిల్లులు పెడతావా' అని అడగడం అంటే ఆ మనిషిని దొంగ అన్నట్టే అనిపిస్తుంది మనకి. కన్నీళ్ళ దగ్గర లెక్కలేంటి అంటారు. నిజానికి లెక్క చెప్పడం మనకి కొత్త కాదు. వినాయక చవితి చందాకి రసీదు పుస్తకం ఉంటుంది. తొమ్మిదో రోజు మైకులో ఎవరెంతిచ్చారో, లడ్డూ వేలం ఎంత పలికిందో చదువుతారు. గుడి గోడ మీద 116 రూపాయలిచ్చినవాడి పేరూ చెక్కి ఉంటుంది. దేవుడి దగ్గర లేని మొహమాటం వరద దగ్గర ఎందుకొస్తుందో తెలియదు. నా అనుభవంలో నిజంగా పని చేస్తున్నవాళ్ళు ఈ ప్రశ్నకి నొచ్చుకోరు. బియ్యం బస్తాల బిల్లు ఫొటో తీసి పెట్టేస్తారు, పైగా రేపు వచ్చి బస్తాలు మొయ్యమంటారు. 80జీ రసీదు ఉందంటే సరిపోదు. ఆ నమోదు పన్ను మినహాయింపు గురించి చెప్తుంది, నిజాయితీ గురించి కాదు. కొత్త పన్ను విధానంలోకి మారిన మనకి ఆ మినహాయింపూ లేదు కాబట్టి, ఉన్న కాస్త రసీదు అడిగే అలవాటూ పోతుందేమో.

ఇంత చూసుకుని ఇచ్చినా చేరుతుందన్న హామీ లేదు. 2020 సెప్టెంబరులో ఆంధ్రప్రదేశ్ ముఖ్యమంత్రి సహాయ నిధి పేరిట 117 కోట్ల రూపాయల నకిలీ చెక్కులు మూడు బ్యాంకుల్లోకి వచ్చాయి. అంత పెద్ద మొత్తం కదా అని అక్కడి బ్యాంకులవాళ్ళు నిర్ధారణ కోసం వెలగపూడి శాఖని అడగబట్టి దొరికిపోయింది. 2024లో తెలంగాణ సహాయ నిధి నుంచి లేని రోగులకి వైద్యం చేసినట్టు బిల్లులు పెట్టి డబ్బు కాజేశారని ఇరవైకి పైగా ప్రైవేటు ఆస్పత్రుల మీద సీఐడీ కేసులు పెట్టింది. అదే ఏడాది చివర్లో అమెరికాలో తానా ఫౌండేషన్ నిధుల్లోంచి 30 లక్షల డాలర్లకి పైగా దారి మళ్ళాయన్న వార్త వచ్చింది. పీఎం కేర్స్ సంగతి తీసుకుంటే, అది సమాచార హక్కు చట్టం కిందకి రాదని ప్రధాని కార్యాలయమే జవాబిచ్చింది. ఐడీలో 'ఎస్' సరిగ్గా ఉందో లేదో చూసుకోవడం వరకే నా చేతిలో ఉంది. లోపలికి వెళ్ళాక ఏమవుతుందో అడిగే హక్కు కోసం వేరే పోరాటం చెయ్యాలి.

ఇది చెప్పగానే లంచ్ టేబుల్ దగ్గర ఒకరు కచ్చితంగా అంటారు: "అందుకే బ్రో, నేనసలు ఎవరికీ ఇవ్వను. అంతా దొంగలే." ఈ మాట అన్నవాళ్ళు చాలాసార్లు తెలివైనవాళ్ళు, మోసాలని పసిగట్టే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళు కూడా ఉంటారు. వీళ్ళకీ, కనిపించిన ప్రతి కోడ్‌నీ స్కాన్ చేసేవాళ్ళకీ పెద్ద తేడా లేదనిపిస్తుంది. ఇద్దరికీ కావలసింది ఆ ఇబ్బంది త్వరగా ముగిసిపోవడం. ఒకరు అయిదు వందలు పంపి ముగిస్తారు, ఇంకొకరు 'దొంగలు' అన్న మాటతో ముగిస్తారు. జాగ్రత్త నా పరువు కోసమైతే, అంటే ఎవడూ నన్ను వెర్రివాణ్ణి చెయ్యకూడదని అయితే, ఇవ్వకపోవడమే అత్యుత్తమ రక్షణ. నూటికి నూరు పాళ్ళు పనిచేస్తుంది. జాగ్రత్త అవతలి మనిషి కోసమైతే ఇవ్వకపోవడం కూడా డబ్బు చేరకపోవడమే. దొంగ తిన్నా, నా ఖాతాలోనే ఉన్నా, సింగ్ నగర్‌లో కుట్టుమిషను పాడైపోయినావిడకి ఒకటే ఫలితం.

ఇక్కడిదాకా నాకు స్పష్టంగానే ఉంది. ఆ మొబైల్ షాపాయన దగ్గరకి వచ్చేసరికి తెగదు. మోసాలని పట్టే ఏ ప్రోగ్రామైనా రెండు రకాలుగా తప్పుతుంది: దొంగని వదిలేస్తుంది, లేదా మంచివాణ్ణి ఆపేస్తుంది. మనం పెట్టుకున్న పరీక్షలన్నీ రెండో రకం తప్పు చేయించేవే. వెబ్‌సైటు ఉండాలి, రిజిస్ట్రేషన్ ఉండాలి, ఆడిట్ అయిన లెక్కలుండాలి, అధికారిక ఐడీ ఉండాలి. ఇవన్నీ ఉన్నవాళ్ళు చాలాసార్లు మెయిన్ రోడ్డు దాకానే వస్తారు. లోపలి సందుల్లోకి ట్రాక్టర్ ట్యూబు మీద తేలుకుంటూ వెళ్ళి పాల ప్యాకెట్లు ఇచ్చొచ్చే నలుగురు కుర్రాళ్ళకి ఉండేది ఒక సొంత ఫోన్ నంబరు, వాళ్ళలో ఒకడి పేరు మీద ఉన్న ఖాతా. పరీక్ష కఠినంగా పెట్టేకొద్దీ ముందు రాలిపోయేది వాళ్ళే. దొంగల వల్ల ఎక్కువ నష్టపోయింది దోపిడీకి గురైన దాతలు కాదేమో, ఎవరూ నమ్మని ఈ కుర్రాళ్ళేనేమో అని అనుమానం.

దీనికి నా దగ్గర సూత్రమేమీ లేదు. ఎవరైనా తెలిసినవాళ్ళు, వాళ్ళకి తెలిసినవాళ్ళు, ఆ కుర్రాళ్ళని కళ్ళతో చూసినవాళ్ళు దొరికేదాకా ఫోన్లు చేస్తాను. రెండు మూడు ఫోన్లు పడతాయి, ఒక సాయంత్రం పోతుంది. దొరక్కపోతే అధికారిక నిధికి పంపి ఊరుకుంటాను, ఆ డబ్బు మెయిన్ రోడ్డు దగ్గరే ఆగుతుందేమోనన్న అనుమానంతోనే.

మా టీము అబ్బాయిని అక్టోబరులో మళ్ళీ అడిగాను. వాళ్ళింట్లో పెద్దగా నష్టం లేదట. కింద వాటాలో అద్దెకుండే ఆయన ఇస్త్రీ బండి నడుపుతాడు, బండి దొరికింది గానీ జనాల బట్టలు పోయాయి, వాటికి కట్టాల్సింది పదకొండు వేలు. "ఆయనకి యూపీఐ ఉందా?" అన్నాను. "ఫోన్ నీళ్ళలో పోయింది అన్నా. మా నాన్నకి పంపు, చేతికిస్తాడు" అన్నాడు. ఆ ఇస్త్రీ ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు. వాళ్ళ నాన్ననీ చూడలేదు. పంపేముందు తెర మీద వచ్చిన పేరు చదివాను, ఇంటిపేరు సరిపోయింది.